కొండ వైపు గీత

రాత్రి కురిసిన వాన వెలిసింది. పొద్దున వరండా తలుపు తీయగానే తడి సున్నం వాసన వచ్చింది. మా ఇంటి ఎదురుగా ఒక ప్రైవేటు బడి ఆటస్థలం ఉంది. వచ్చే వారం వాళ్లకు ఆటల పోటీలట. గ్రౌండు చూసుకునే మనిషి బకెట్లో సున్నం కలిపి పెట్టుకుని, నేల మీద తాడు లాగి, దాని వెంట గీతలు గీస్తున్నాడు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అతని గీతలను కాదు, ఆ తాడును చూస్తూ నిలబడిపోయాను. తాడు తడిసి ఉంది. నాకు డెబ్బై దాటాయి. తడి తాడుతో ఎవరైనా కొలత పడుతుంటే ఇప్పటికీ దాన్ని దాటి పోలేను. దానికి కారణం మునిరత్నమ్మ మేడం.

ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు. పేపర్లో ఫొటో పడిన మనిషి కాదు. తిరుపతిలో నేను లెక్కలు ముఖ్యాంశంగా బి.ఎస్సీ. చదివిన మహిళా కళాశాలలో ఆమె టెన్నిస్ కోచ్. అది కూడా ఏడాదికేడాది పొడిగించే తాత్కాలిక ఉద్యోగం. ఆమె నాయన చెంగయ్య చిత్తూరులో ఆఫీసర్ల క్లబ్బులో మార్కరుగా పనిచేశాడు. మార్కరంటే టెన్నిస్ కోర్టు ఊడ్చి, నీళ్లు చల్లి, గీతలు గీసి, ఆడేందుకు తోడు లేకుండా ఏ ఆఫీసరైనా వస్తే అవతలి వైపు నిలబడి ఆడేవాడు. క్లబ్బులో ఆడపిల్లను ఆడనిచ్చేవాళ్లు కాదు. అందుకని ఆఫీసర్లు రాకముందే, తెల్లవారుతుండగా, తండ్రీకూతుళ్లు ఆడుకునేవాళ్లట. ఆ ఆటతోనే ఆమె పెరిగి, వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, మా కళాశాలకు వచ్చారు. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. చీర కొంగు నడుముకు చుట్టి దోపి, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, ఎండలో టోపీ లేకుండా నిలబడేవారు. అప్పటికి చెంగయ్య పని మానేసి కూతురి దగ్గరికే వచ్చేశాడు. ఆ ఒక్క జీతం మీదే ఇద్దరూ బతికేవాళ్లు.

నేను ఆట కోసం ఆమె దగ్గరికి వెళ్లలేదు. మొదటి ఏడాది ఒక సాయంత్రం కోర్టు పక్కన నిలబడి, సీనియర్లు స్కోరు తప్పు చెబుతుంటే సరిచేశాను. ఒకసారి కాదు, వాళ్లు తప్పు చెప్పిన ప్రతిసారీ. మేడం నా వైపు తిరిగి, "ఏమ్మే, నీ నోరు బాగా లెక్క పెడతాండాది. కాళ్లు గూడా పెడతాయా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. మర్నాడు పొద్దున్నే కోర్టుకు వెళ్లాను. రాకెట్ ఇస్తారనుకుంటే తాడు కొన చేతికిచ్చారు.

ఆ తాడు సంగతి చెప్పాలి. జనపనార తాడు, చెంగయ్య క్లబ్బులో వాడినది. మధ్యలో ఒక ముడి, చివర ఒక ముడి. ఒక కొనను నెట్ దగ్గర పట్టుకుని లాగితే మధ్య ముడి దగ్గర సర్వీసు గీత, చివరి ముడి దగ్గర కోర్టు వెనక గీత. మాది మొరం పరచిన కోర్టు. గాలికీ మా కాళ్లకీ గీతలు చెరిగిపోయేవి. అందుకని రెండు రోజులకోసారి మళ్లీ గీయాలి. కోర్టులోకి ఎవరు వచ్చినా ముందు తాడు కొన పట్టుకోవాల్సిందే. అది మేడం పెట్టిన ఆచారం. ప్రిన్సిపాల్ గారు పట్టుకున్నారు. కూతురు ఏ బట్టలు వేసుకుని ఆడుతోందో చూసి నిలదీద్దామని చంద్రగిరి నుంచి బస్సెక్కి వచ్చిన మా నాయన కూడా పట్టుకున్నాడు. "రాండన్నా, మంచి సమయానికొచ్చినారు, ఈ కొన రవంత పట్టుకోండి" అంటే ఆయన చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, వంగి పట్టుకున్నాడు. నాలుగు గీతలయ్యేసరికి నడుము పట్టేసింది. అడగవలసింది అడగనే లేదు. ఇంటికెళ్లి మా అమ్మతో, "ఆ మేడం నన్నే పనిలో పెట్టేసింది మే. ఇంక పిల్లను యాడ మాన్పించేది?" అన్నాడట.

"టేపుతో కొలవచ్చు కదా మేడం?" అని నేనొకసారి అడిగాను. లెక్కల పిల్లను కదా. "మా నాయన చేత్తో వేసిన ముడి ఇది. టేపు అబద్ధం చెప్పినా ఇది చెప్పదు" అన్నారు. ఆ మాట మీద ఇంక ఎదురు లేదు.

కాలేజీల మధ్య పోటీల్లో మాకు గీతల దగ్గర నిలబడి చూసేవాళ్లు ఉండేవాళ్లు కాదు. కుర్చీలో ఒక అంపైరు, అంతే. మన వైపు పడిన బంతి లోపలో బయటో మనమే చెప్పాలి. ఆ పని నేర్పడంలో మేడం సర్వీసు నేర్పినదానికన్నా కఠినంగా ఉండేవారు. ఒక రోజు సాధనలో నేను చెయ్యెత్తి "ఔట్" అన్నాను. ఆమె ఆట ఆపేశారు.

"చూసినావా, అనుకున్నావా?"

"చూసినాను మేడం."

"బంతి పడినప్పుడు నీ కన్ను ఎదురుగా ఉండే పిల్ల మీదుండాది. మళ్లీ చెప్పు. చూసినావా, అనుకున్నావా?"

చివరికి, "అనుకున్నాను" అన్నాను.

"అనుకున్నదైతే లోపల. చూసిందైతేనే బయట. పో, ఆడు."

నేను మూడో ఏడాదిలో ఉండగా కళాశాలకు కొత్త కరస్పాండెంట్ వచ్చారు. చెడ్డ మనిషని చెప్పను. అమ్మాయిల సంఖ్య పెరిగింది, సైకిళ్లు ఎండకూ వానకూ గేటు బయట పడి ఉంటున్నాయి. ఆయన చూపు కోర్టు మీద పడింది. ఒక సాయంత్రం మా ముందే వచ్చి, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, "నలుగురు పిల్లోళ్లు ఎగరడానికి ఇంత జాగా దేనికమ్మా? సైకిల్ షెడ్డు వేసేద్దాం" అన్నారు. మేడం వాదించలేదు. ఈ ఏడాది పోటీలు మన కోర్టులోనే జరుగుతున్నాయి, అవి అయ్యేదాకా ఆగమన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, "సరే. కప్పు గెలిస్తే కోర్టూ ఉంటాది, నీ ఉద్యోగమూ ఉంటాది. లేదంటే ఆ శనివారమే మేస్త్రీ వచ్చి పునాదికి ముగ్గు పోసేస్తాడు. కోర్టు లేనప్పుడు కోచ్ దేనికి, నువ్వే చెప్పు" అన్నారు. అది నవ్వుతూనే అన్నారు. ఆయన వెళ్లాక మేడం మా వైపు చూడకుండా, "సర్వీసు. మొదటి నుంచి" అన్నారు. ఆ రోజు ఆమె చేతిలోంచి రెండు బంతులు జారి పడ్డాయి. నేను చూశాను, అనుకోలేదు.

నవంబరులో పోటీలు. ఫైనల్లో చిత్తూరు కాలేజీ మా ఎదురు. ఆ పొద్దున కోర్టుకు వెళ్లేసరికి రాత్రి వాన సగం కోర్టును కడిగేసి ఉంది. మా దగ్గర ఉన్నది వేరుశనగ మండీ నుంచి అడిగి తెచ్చిన ఒకే ఒక టార్పాలిన్. దాన్ని ముందు సాయంత్రమే రైల్వేస్టేషన్ వైపు సగం మీద కప్పాం. ఆ వైపు గీతలు చెక్కుచెదరలేదు. కొండ వైపు సగంలో గీత అనేదే లేదు. మేడం గోనెసంచులతో నీళ్లు అద్దించి, పొడి మొరం చల్లించి, తాడు తీశారు. నేను నెట్ దగ్గర కొన పట్టుకున్నాను. తాడు బురదలో ఈడ్చుకుంటూ పోయింది. ఆమె చివరి ముడి దగ్గర మేకు దిగ్గొట్టి గీత గీశారు. తొమ్మిదింటికల్లా ఎండ కాసింది. చూసినవాళ్లందరూ ఇంత త్వరగా ఎట్లా సిద్ధం చేశారని మెచ్చుకున్నారు.

డబుల్స్ చిత్తూరు వాళ్లు గెలిచారు. మొదటి సింగిల్స్ మేం గెలిచాం. ఆఖరి ఆట నాది. నా ఎదురు సెల్వి అనే అమ్మాయి, నాకన్నా రెండేళ్లు చిన్నది, చేతుల్లో మంచి బలం. కరస్పాండెంట్ గారు ముందు వరుసలో కూర్చున్నారు. ఆయన వెనక మేస్త్రీ, చేతిలో ఇనుప టేపు. ఆట అయ్యాక ఎటూ ఒక కబురు తేలుతుంది కదా, మళ్లీ రావడం దేనికని పిలిపించి ఉంటారు. చెంగయ్య ఒక మూల బెంచీ మీద, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి సెట్టు నాది, రెండోది సెల్విది. మూడో సెట్టులో నాకొక సంగతి అర్థం కాలేదు. నేను స్టేషన్ వైపు నిలబడి కొండ వైపుకు కొట్టిన పొడవైన బంతులు వరసగా బయట పడుతున్నాయి. వైపులు మారాక అదే చెయ్యి, అదే దెబ్బ, లోపలే పడుతోంది. సెల్వికీ అంతే. నేను నా చెయ్యినే తిట్టుకున్నాను. ఒకసారి వైపు మారుతూ మేడం వంక చూశాను. ఆమె నన్ను చూడటం లేదు, బంతినీ చూడటం లేదు. కొండ వైపు వెనక గీతను చూస్తున్నారు.

అయిదు నాలుగు మీద నేను ముందున్నాను. కొండ వైపు నిలబడ్డాను. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు మాది. సెల్వి సర్వీసు చేసింది, నేను తిప్పికొట్టాను, ఆమె ఉన్న బలమంతా పెట్టి నా వెనక మూలకు కొట్టింది. బంతి నా భుజం పక్కనుంచి పోయింది. తల తిప్పి చూశాను. గీతకు అవతల, బెత్తెడు దూరంలో పడింది. తడి మొరంలో దాని అచ్చు స్పష్టంగా ఉంది. నా చెయ్యి దానంతటదే లేచింది. "ఔట్."

మా వాళ్ల అరుపులకు చెట్ల మీది కాకులు లేచాయి. కరస్పాండెంట్ గారు లేచి చప్పట్లు కొట్టారు, నిజంగానే సంతోషంగా. "సరేలే మేస్త్రీ, షెడ్డుకు ఇంకో జాగా చూద్దాం" అనడం నాకు వినిపించింది. మేడం చప్పట్లు కొట్టలేదు. నడిచి వచ్చి, ఆ అచ్చు దగ్గర వంగి చూశారు. గీతను చూశారు. తల ఎత్తి నెట్ దాకా చూశారు. తర్వాత మేస్త్రీ దగ్గరికి వెళ్లారు.

"అప్పా, ఆ టేపు రవంత ఇయ్యి."

"గెలిచేస్తిరే మేడం, ఇంక దీంతో ఏం పని?" అని అతను నవ్వుతూనే ఇచ్చాడు.

"అలివేలూ, నెట్ కాడ ఈ కొన పట్టుకో."

ఆమె ఏం చేయబోతున్నారో నాకు అప్పుడు తెలిసింది. దగ్గరికి వెళ్లి మెల్లగా, "వద్దు మేడం. ఎవురూ అడగలేదు" అన్నాను.

"పట్టుకోమ్మే."

పట్టుకున్నాను. నా చేతిలో టేపు వణుకుతుంటే, "బిగించి పట్టు" అన్నారు. కొండ వైపు గీత ఉండాల్సిన చోటుకు జానెడు ఇవతల ఉంది. స్టేషన్ వైపు కొలిచారు. సరిగ్గా ఉంది. మైదానంలో అరుపులు ఆగిపోయాయి.

"ఏందమ్మా, గెలిచినాక కొలతలేంది?" అన్నారు కరస్పాండెంట్ గారు.

"గీత తప్పు సార్. గీసింది నేను. ఆఖరి బంతి లోపల పడిండాది."

కాళహస్తి నుంచి వచ్చిన అంపైరు పెద్దాయన కుర్చీ దిగి వచ్చాడు. "ఇద్దురూ వైపులు మారినారు కదమ్మా. తప్పు ఇద్దురికీ సమానమే. ఆ పిల్ల ఔట్ అనింది, నేనూ చూసినా. వదిలేయ్" అన్నాడు.

సెల్వి నెట్ దగ్గరికి వచ్చింది. దాని ముఖం ఎర్రగా ఉంది. "పర్వాలేదు మేడం, అక్క చూసే చెప్పింది. గీత బయటే పడింది" అంది. ఆ పిల్ల మంచితనం ఆ క్షణంలో నాకు ఆధారంగా కనిపించింది. ఇంకెవరైనా ఒక్క మాట అంటే చాలు, మేడం ఆగిపోతారనుకున్నాను.

మాట్లాడింది చెంగయ్య. బెంచీ మీది నుంచి లేచి, తాడు పడి ఉన్న చోటికి వచ్చి, దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "తడిసిండాది మే. నార తడిస్తే బిగుసుకోని కుదించుకుంటాది" అన్నాడు.

"నాకు యానాడూ చెప్పలేదే నాయనా."

"వానొస్తే దొరలు ఆటకు వచ్చేవాళ్లు కాదు కదమ్మా. వానలో గీత గీసే పని నాకు యానాడూ పడలేదు."

ఆమె తండ్రి ముఖం వంక ఒక్కసారి చూసి, అంపైరు వైపు తిరిగారు. "ముందు ఆడిందంతా అట్లనే ఉండనీ సార్. ఆ ఒక్క పాయింటు మాత్రం మళ్లీ ఆడించండి. గీత సరిచేసినాక." అంపైరు కరస్పాండెంట్ వంక చూశాడు. ఆయన తన వాచీ చూసుకున్నారు. ఎవరూ కాదనలేకపోయారు. మేడం టేపుతో కొలిచి కొత్త గీత గీశారు. పాత గీతను కాలితో చెరిపారు.

మళ్లీ ఆడాం. సెల్వి అదే మూలకు, అదే దెబ్బ కొట్టింది. బంతి కొత్త గీత మీద పడి సున్నం లేచింది. "లోపల" అన్నాను. ఆ తర్వాత ఆట నా చేతిలో లేదు. అయిదూ అయిదు, సెల్వికి ఆరు అయిదు, ఏడు అయిదు. సెల్వి నెట్ మీదుగా నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏడుస్తున్నది నేను కాదు, అది. "మీ మేడం మాకు ఉండి ఉంటే ఎంత బాగుండునక్కా" అంది. దాన్ని అప్పుడు కొట్టాలనిపించింది.

అందరూ వెళ్లాక మేడం ఎండలో తాడు చుట్టుకుంటున్నారు. "ఎవరూ అడగలేదు కదా మేడం?" అన్నాను మళ్లీ. ఈసారి గట్టిగానే అన్నాను.

"అడగలేదు" అన్నారు. అంతే.

శనివారం మేస్త్రీ వచ్చాడు. మాట తప్పే మనిషి కాదు కరస్పాండెంట్ గారు. ఈ మాటా తప్పలేదు. మేము నలుగురం గేటు దగ్గర నిలబడ్డాం. మేడం నెట్ విప్పి మడత పెట్టడానికి వచ్చి ఉన్నారు. షెడ్డు కోసం ముగ్గు పోయాలి, దారం రెండో కొన పట్టుకునే కూలీ రాలేదు. మేస్త్రీ అటూ ఇటూ చూస్తున్నాడు. మేడం నెట్ కింద పెట్టి, వెళ్లి, ఆ కొన పట్టుకున్నారు. "ఇట్లా లాగితే వంకర పోతాది అప్పా, బిగించు" అంటున్నారు. మా కోర్టు మీద షెడ్డుకు గీత ఆమె చేతుల్లోనే పడింది. నేను తల తిప్పుకున్నాను. ఆమె తిప్పుకోలేదు.

ఆ వేసవితో ఉద్యోగం పోయింది. జూన్ దాటింది, జులై దాటింది. తండ్రీకూతుళ్లు ఎట్లా గడిపారో నాకు తెలియదు, అడిగే ధైర్యం లేకపోయింది. ఆగస్టులో చిత్తూరు కాలేజీ నుంచి కబురు వచ్చింది. సెల్వి వాళ్ల ప్రిన్సిపాల్ దగ్గర ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో, ఆయనే విసిగిపోయి పిలిపించాడని తర్వాత విన్నాను. పుట్టిన ఊళ్లో, ఒకప్పుడు ఆడపిల్లను ఆడనివ్వని ఊళ్లో, ఆమె రిటైరయ్యేదాకా అమ్మాయిలకు ఆట నేర్పారు. కప్పులు కొన్ని వచ్చాయి, ఎక్కువ రాలేదు. ఆమె శిష్యురాళ్లలో నర్సులున్నారు, పోలీసు ఇన్‌స్పెక్టరు ఉంది, పాల డెయిరీ నడిపే ఆమె ఉంది. పేరు మోసిన క్రీడాకారిణి ఒక్కరూ లేరు.

నేను రేణిగుంటలో లెక్కల లెక్చరరయ్యాక ఒక ఆదివారం చిత్తూరు వెళ్లాను. చెంగయ్య అప్పటికి లేడు. వరండాలో దండెం మీద ఆ తాడు ఆరేసి ఉంది, పక్కనే మేకుకు ఇనుప టేపు. గీత గీసే ముందు తాడు ఎండబెట్టి, టేపుతో సరిచూసి, అప్పుడే కోర్టుకు తీసుకుపోతానన్నారు.

"టేపుతోనే గీయొచ్చు కదా మేడం?"

"మా నాయన ముడి కదా" అన్నారు. "వదలను. నమ్మేదీ లేదు, కొలుస్తా."

నా పాత ప్రశ్న మళ్లీ అడిగాను. ఆ రోజు ఎందుకు కొలిచారు? ఆమె నవ్వారు. "ఆ మేస్త్రీ చేతిలో టేపుండె కదమ్మే. వాడు కనుక్కోని ఊరంతా చెప్పేదానికన్నా నేనే కనుక్కుంటే మేలు కదా." దండెం దగ్గరికి వెళ్లారు. తాడు వైపు చూస్తూ, "ఓడిపోతా ఉంటే ఎవురైనా కొలుస్తారు అలివేలూ. ఆ బంతితో మనం ఓడి, ఆ పిల్ల గెలిచి ఉంటే, నేను గీత దగ్గిరికి ఉరికి పోయి ఉందును. అది తెలిసిపోయింది నాకు, ఆ అచ్చు చూస్తానే. ఇంక కూర్చోలేకపోయినా" అన్నారు. "ఉద్యోగం పోతాదని భయం లేదా మేడం?" అన్నాను. "ఎందుకు లేదు? టేపు నీ చేతిలో వణికింది అనుకుంటివా? ఆ చివర నా చెయ్యి అది."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేను ఉద్యోగమంతా మార్కులు కూడుతూ గడిపాను, ఇప్పుడు మా కాలనీ సంఘం లెక్కలు చూస్తున్నాను. నాకు వ్యతిరేకంగా వచ్చిన మొత్తాన్ని ఒకసారి చూసి ఒప్పుకుంటాను. నాకు అనుకూలంగా వచ్చినదాన్ని రెండోసారి కూడతాను. ఇంట్లో వాళ్లకు ఇది చాదస్తం. "సరిపోయింది కదా, ఇంకా ఏంది?" అంటారు. సరిపోయింది కాబట్టే.

కాఫీ పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని రోడ్డు దాటాను. గ్రౌండు మనిషి తల ఎత్తి, "ఏం కావాల పెద్దమ్మా?" అన్నాడు.

"తాడు తడిసిండాది నాయనా. టేపు ఉందా?"

"ఉండాది గానీ, ఎవురు సూస్తారు పెద్దమ్మా? పిల్లోళ్ల పరుగే కదా."

"తీసుకురా" అన్నాను. "ఈ కొన నేను పట్టుకుంటా."